భట్టిప్రోలు నుంచి యూనికోడ్ దాకా: తెలుగు అక్షర రూపకల్పనలో రాజకీయం, విమర్శ

ప్రవేశిక

తెలుగు ఎలా రాయాలన్న ప్రశ్న మీద ఇరవయ్యో శతాబ్దంలో విస్తారమైన వాదం జరిగింది. గ్రాంథిక వ్యావహారిక వివాదం పాఠ్యపుస్తకాలను, పరీక్షలను, పత్రికలను, చివరికి సాహిత్య ప్రక్రియలను కూడా మార్చింది. దాని చరిత్రను రాసినవారూ అనేకులు. అయితే ఆ తెలుగు కాగితం మీద ఎలా కనిపించాలన్న ప్రశ్నకు సాహిత్య చరిత్రలో అంత చోటు దక్కలేదు. అక్షరం వంపు, వత్తు పరిమాణం, పంక్తుల మధ్య ఎడం, పుస్తకం అట్ట మీది రాత అనేవి ముద్రాపకుడి పనిగానో, చిత్రకారుడి పనిగానో మిగిలిపోయాయి. పాఠాన్ని చదివిన విమర్శ పుటను చదవలేదు.

అక్షర రూపం ప్రకృతిసిద్ధం కాదు. ఒక కాలంలో, ఒక పనిముట్టుతో, కొందరు కలిసి తీసుకున్న నిర్ణయం అది. ఆ నిర్ణయం వల్ల కొన్ని గుర్తులు నిలుస్తాయి, కొన్ని పోతాయి. ఏవి పోయాయి, ఎవరి నిర్ణయం వల్ల పోయాయి అన్నది భాషా రాజకీయంలో భాగమే. తుర్కియేలో 1928లో చట్టం చేసి అరబ్బీ లిపి స్థానంలో లాటిన్ లిపిని ప్రవేశపెట్టారు. జర్మనీలో శతాబ్దాలుగా వాడుకలో ఉన్న ఫ్రాక్టూర్ అచ్చును 1941లో నాజీ ప్రభుత్వమే ఒక ఉత్తర్వుతో పక్కన పెట్టింది. మన పొరుగున కేరళ ప్రభుత్వం 1971లో అచ్చుకూ టైప్‌రైటర్‌కూ అనువుగా మలయాళ లిపిని సరళం చేసింది. తమిళనాడు ప్రభుత్వం 1978లో పెరియార్ ప్రతిపాదించిన మార్పులలో కొన్నింటిని స్వీకరించింది. తెలుగులో ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా అటువంటి విస్తృతమైన మార్పు అమలు కాలేదు. అలాగని తెలుగు అక్షరం మారలేదనుకోవడానికి వీలులేదు. ఉత్తర్వు లేకుండా, చప్పుడు లేకుండా మారింది. ఉత్తర్వు ఉన్నచోట దానిని వ్యతిరేకించేవారు పుట్టుకొస్తారు, చర్చ నమోదవుతుంది. ఉత్తర్వు లేనిచోట మార్పు అలవాటుగా స్థిరపడి విమర్శకు దొరకకుండా పోతుంది. తెలుగులో అక్షర రూప విమర్శ పలచగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనా ప్రాంతం

ఈ పరిశీలనకు కాకుమాను, తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ ఉన్న నేలను క్షేత్రంగా ఎంచుకోవడానికి కారణాలున్నాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కాకుమాను, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండగా బాపట్ల, రేపల్లె, భట్టిప్రోలు కొత్త బాపట్ల జిల్లాలో చేరాయి. పాలనా హద్దు ఎలా ఉన్నా, ఈ ఊళ్ళది ఒకే డెల్టా, ఒకే సాంస్కృతిక వలయం. తెలుగు నేల మీద లభించిన అతి ప్రాచీన లేఖనాలలో కొన్ని భట్టిప్రోలులో దొరికాయి. కాకుమాను పేరును ఇంటిపేరుగా నిలుపుకున్న ప్రబంధకవి కాకుమాని మూర్తికవి. ప్రథమాంధ్ర మహాసభ 1913లో బాపట్లలో జరిగింది. పత్రికా దృశ్యాన్ని మార్చిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు తెనాలివారు. కళా విమర్శకుడు సంజీవదేవ్ ఊరు తెనాలికి దగ్గరలోని తుమ్మపూడి. రాయి, తాటాకు, సీసపు అచ్చు, రంగుల ముఖచిత్రం అనే నాలుగు దశల సాక్ష్యం ఇంత చిన్న పరిధిలో లభించడం పరిశోధనకు అనుకూలమైన విషయం.

భట్టిప్రోలు కరండాలు: అక్షరంలో ఎంపిక

భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించారు. ధాతువులను భద్రపరచిన రాతి కరండాలు, వాటి మీద ప్రాకృత శాసనాలు అప్పుడు వెలుగు చూశాయి. రే నివేదిక 1894లో వెలువడింది. శాసనాలను గెయోర్గ్ బ్యూలర్ చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ రెండవ సంపుటంలో ప్రకటించారు. వీటి కాలం విషయంలో పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. స్థూలంగా క్రీ.పూ. 3వ శతాబ్దానికీ 1వ శతాబ్దానికీ మధ్య వీటిని నిలుపుతున్నారు.

తవ్వకాలకు ముందే ఈ స్తూపం చాలా నష్టపోయింది. ఇటుకలను, పాలరాతి ఫలకాలను రోడ్లకూ కాలువ తూముకూ వాడుకున్నారు. డెల్టాకు నీరిచ్చిన నిర్మాణ విధానమే డెల్టా ప్రాచీన చిహ్నాలను ముడిసరుకుగా చూసింది. మిగిలిన కరండాలు స్తూపగర్భంలో ఉండటం వల్లనే దక్కాయి. అక్షర చరిత్రలో మనకు లభించే సాక్ష్యం మొత్తం సాక్ష్యం కాదనీ, దక్కినదాన్నే మొత్తమని భ్రమించరాదనీ ఈ ఉదంతం హెచ్చరిస్తుంది.

ఈ శాసనాల లిపిలో గమనించదగిన విశేషం అచ్చుల గుర్తింపు. అశోకుని బ్రాహ్మిలో ఏ గుర్తూ లేని హల్లు అకారంతో కలిసి పలుకుతుంది. భట్టిప్రోలు కరండాల మీద గుర్తు లేని హల్లు పొల్లు హల్లే. అకారం పలకాలంటే విడిగా ఒక గీత చేర్చాలి. అశోక బ్రాహ్మిలో దీర్ఘానికి వాడే గీత ఇక్కడ హ్రస్వానికి గుర్తయింది. దీర్ఘానికి ఆ గీతనే మరికొంత వంచారు. ఘ, జ, మ, ల, స వంటి అక్షరాల రూపాలు కూడా భిన్నంగా ఉన్నాయి. అదే చోట దొరికిన స్ఫటికం మీది లేఖనం మాత్రం సాధారణ బ్రాహ్మి పద్ధతికి దగ్గరగా ఉంది. అంటే ఒకే స్థలంలో రెండు లేఖన సంప్రదాయాలు పక్కపక్కనే ఉన్నాయి. వీటిలో ఒకదానిని అజ్ఞానమనీ, మరొకదానిని ప్రమాణమనీ తీర్మానించడం కష్టం. రెండూ తెలిసిన సమాజం ఒకచోట ఒకదానిని ఎంచుకుందని భావించడం సమంజసం. ఎంపిక ఉన్నచోట రూపకల్పన ఉంటుంది.

ఆ ఎంపిక ఎవరి కోసం జరిగిందన్నదీ ఆలోచించదగినదే. ఈ శాసనాలలో కుబిరకుడనే రాజు పేరుంది. అయితే అధిక భాగం దాతలది. కుర అనే వ్యక్తి, అతని తల్లిదండ్రులు, గోష్ఠి సభ్యులు, నిగమానికి చెందినవారు పేరుపేరునా కనిపిస్తారు. రాజాజ్ఞను ప్రజలకు చాటే అశోకుని శిలాశాసనానికీ దీనికీ ఉద్దేశంలోనే తేడా ఉంది. ఇక్కడ అక్షరం ఒక సమూహం తన పేర్లను తాను నిలుపుకొనే సాధనం. పైగా ఆ కరండాలు స్తూపగర్భంలో మూతపడ్డాయి. చదివేవారెవరూ లేరని తెలిసీ పేరు చెక్కించడం అక్షరానికి సమాచారాన్ని మించిన విలువ ఉండేదని చెబుతుంది.

భట్టిప్రోలు లిపే తెలుగు లిపికి తల్లి అన్న మాట సభలలో, వ్యాసాలలో తరచుగా వినిపిస్తుంది. తెలుగుకు 2008లో ప్రాచీన భాషా హోదా లభించిన నేపథ్యంలో ఇటువంటి మాటలకు సహజంగానే బలం చేకూరింది. తలకట్టును అకార చిహ్నంగా బోధించే మన అలవాటు కూడా ఈ పోలికకు తోడైంది. ‘క’కు తలకట్టు ఉంది, ‘కి’లో అది పోయి గుడి వచ్చింది, కాబట్టి తలకట్టు అకార చిహ్నమే, అది భట్టిప్రోలు గీతకు వారసురాలే అన్న ఊహ ఆకర్షణీయంగా ఉంటుంది. అయితే పనిలో పోలిక ఉన్నంత మాత్రాన వారసత్వం నిరూపితం కాదు. తరువాతి శాతవాహన, ఇక్ష్వాకు, శాలంకాయన శాసనాలలో గుర్తు లేని హల్లు అకారంతోనే పలుకుతుంది. భట్టిప్రోలు పద్ధతికీ నేటి తలకట్టుకూ నడుమ ఉండవలసిన గొలుసు ఈ శాసనాలలో కనిపించదు. తెలుగు, కన్నడ లిపులు వేంగీ చాళుక్యుల కాలానికి ఉమ్మడిగా రూపొందిన దక్షిణాది బ్రాహ్మీ శాఖ నుంచి క్రమంగా విడివడ్డాయి. శాసనాల భాష ప్రాకృతమన్న సంగతినీ మరువరాదు. భట్టిప్రోలుకు గౌరవం తెలుగుకు తల్లి కావడం వల్ల రానక్కరలేదు. అచ్చును గుర్తించడానికి వేరొక మార్గం సాధ్యమని ఆ నేల మీద ఎవరో ఆలోచించారు. ఆ గౌరవం చాలు.

తాటాకు: పనిముట్టు, రూపం

తెలుగక్షరం గుండ్రంగా ఉండటానికి తాటాకు కారణమని చెప్పడం పరిపాటి. ఆకు ఈనెలు పొడవునా సాగుతాయి. గంటంతో అడ్డంగా పొడవైన గీత గీస్తే ఆకు చీలే ప్రమాదం ఉంది. కనుక గీతలు వంపులయ్యాయన్నది వాదం. ఇందులో సత్యం లేకపోలేదు గానీ ఇది సమగ్ర వివరణ కాదు. అదే గంటంతో, అదే తాటాకు మీద రాసిన తమిళం తెలుగంత గుండ్రంగా లేదు. చీలే భయం లేని రాతి మీద కూడా తెలుగు శాసన లిపి వంపులు తిరిగింది. పనిముట్టు కొన్ని దారులు మూసి కొన్ని తెరుస్తుంది. తెరిచిన వాటిలో ఏ దారిన నడవాలన్నది రాసేవారి అభిరుచి, గురుపరంపర, లేఖకుల సంప్రదాయం నిర్ణయిస్తాయి.

‘రాజవాహన విజయము’, ‘పాంచాలీ పరిణయము’ రచించిన కాకుమాని మూర్తికవి వంటివారి కృతులు లేఖకుల చేతుల మీదుగానే నడిచాయి. ఆనాటి పాఠకుడు చూసిన పుటలో మనం నేడు పద్యమని గుర్తించే ఆకారం ఉండదు. పాదానికొక పంక్తి, పద్యానికీ పద్యానికీ మధ్య ఎడం, వచనానికి వేరే అంచు ఉండవు. ఆకు చివరిదాకా వరస సాగుతుంది. పద్యం ఎక్కడ ముగిసిందో చెవికి తెలియాలి. ఛందస్సును కంటికి కనిపించేటట్లు పాదాలుగా విడగొట్టినది అచ్చు. అంటే ‘పద్యం’ అన్న దృశ్యరూపం ప్రబంధకవిది కాదు, ముద్రాపకుడిది. పరిష్కర్త పీఠికలలో పాఠాంతరాల చర్చ దీర్ఘంగా సాగినా ఈ మార్పు ప్రస్తావన అరుదు.

తాళపత్ర లేఖనంలో మరికొన్ని ప్రత్యేక చిహ్నాలుండేవి. రేఫను సంయుక్తంలో సూచించే వలపలగిలక వాటిలో ఒకటి. ‘ధర్మ’ అన్న పదాన్ని ‘ధమ౯’ అని రాయడం అందరూ ఎరిగిన ఉదాహరణ. పదాంతంలోని నకారానికి నకారపొల్లు అనే ప్రత్యేక రూపం ఉండేది. అరసున్న, శకటరేఫ సరేసరి. ఇవి పాత ముద్రణలలోకి కూడా వచ్చాయి. తరువాత ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి.

సీసపు అచ్చు: నిశ్శబ్ద సంస్కరణ

తెలుగు ముద్రణ తెలుగు నేల మీద పుట్టలేదు. జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ 1746-47 ప్రాంతంలో అచ్చు వేయించిన క్రైస్తవ గ్రంథాలు మొదటివి. తరువాత శ్రీరామపురం, మద్రాసు కేంద్రాలయ్యాయి. మత ప్రచారం, పాలనావసరాలు, వ్యాపారం ఈ మూడూ తొలి అచ్చక్షరాల వెనుక ఉన్న ప్రేరణలు. మద్రాసులో 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు ముద్రణాలయం స్థాపించిన తరువాత ప్రాచీన కావ్యాలు విస్తృతంగా అచ్చులోకి వచ్చాయి.

తెలుగుకు అచ్చు పోయడం సులభం కాదు. ప్రతి హల్లుకూ గుణింతం వేరు, వత్తులు వేరు, వత్తు పంక్తికి దిగువన నిలవాలి. రోమన్ లిపికి సరిపోయిన కేసులో తెలుగు పట్టదు. వందల సంఖ్యలో అచ్చులు కావాలి. ఒక్క అచ్చు తగ్గినా పోతకు ఖర్చు, కంపోజిటర్‌కు శ్రమ తగ్గుతాయి. ఈ లెక్క ముందు వలపలగిలక వంటి గుర్తు అదనపు భారం. వత్తులతో, నకారపొల్లుతో పని జరిగేచోట రెండు మార్గాలు ఉంచడం వ్యాపారానికి అనవసరం. అలా అచ్చుకేసులో చోటు కోల్పోయిన గుర్తు క్రమంగా కంటికి అపరిచితమైంది. అపరిచితమైనది పాతదిగానూ, పాతది తప్పుగానూ కనిపించసాగింది.

వ్యాకరణ నిర్ణయాలు దీనికి తోడయ్యాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) అరసున్న, శకటరేఫలను వాడుకలో ప్రాణం లేని పండిత చిహ్నాలుగా భావించారు. ఉచ్చారణలో భేదం పోయినప్పుడు రాతలో భేదం దేనికన్నది ఆయన తర్కం. సామాన్య పాఠకుడి పక్షాన చూస్తే అది బలమైన తర్కం. అయితే ‘ఏఁడు’, ‘ఏడు’ వంటి జంటలలో వ్యుత్పత్తిని కంటికి చూపే సాధనం కూడా దానితోపాటు తొలగింది. గిడుగు రామమూర్తి (1863-1940) నడిపిన వ్యావహారిక ఉద్యమం బలపడే కొద్దీ అరసున్న ఒక ధ్వని చిహ్నంగా కాక పక్ష చిహ్నంగా మారింది. అరసున్నలున్న పుటను చూసిన పాఠకుడు ఒక్క మాట చదవకముందే అది ఏ పక్షానిదో పోల్చుకోగలిగాడు. పుట రూపమే వాదంగా మారిన సందర్భమిది. భాషా వివాద చరిత్రలో ఈ దృశ్య పార్శ్వాన్ని విడిగా పరిశీలించవలసి ఉంది.

ఇక్కడ ఏ పక్షం న్యాయమైనదని తీర్పు చెప్పడం ఉద్దేశం కాదు. నిర్ణయం జరిగిన తీరు ముఖ్యం. మలయాళంలో 1971 నాటి సంస్కరణ ప్రభుత్వ నిర్ణయం కావడం వల్ల దానికి ప్రతిగా పాత సంయుక్తాక్షరాలను కంప్యూటర్‌లో పునరుద్ధరించాలని ‘రచన’ ఉద్యమం 1999లో మొదలైంది. తెలుగులో వలపలగిలకను రద్దు చేసినవారి పేరు చెప్పలేం. అందువల్ల దానిని తిరిగి అడిగినవారూ లేరు.

తెనాలి: బొమ్మ, అట్ట, చేతిరాత

ఇరవయ్యో శతాబ్దపు నడిమి దశకాలలో తెలుగు పుట రంగులమయమైంది. అందులో తెనాలి పాత్ర గణనీయమైనది. చక్రపాణి తెనాలిలో మొదలుపెట్టిన ‘యువ’, బి. నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో మద్రాసు నుంచి ప్రారంభించిన ‘చందమామ’ రెండూ చిత్రాన్ని కథకు అలంకారంగా కాక కథలో సగంగా భావించిన పత్రికలు. కుటుంబరావు సంపాదకత్వంలో చందమామ భాష ఎంత స్థిరమైన శైలిని సంతరించుకున్నదో, వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్ వంటివారి కుంచెలో దాని దృశ్యశైలీ అంత స్థిరపడింది.

చందమామ అనేక భారతీయ భాషలలో వెలువడింది. బొమ్మలు అన్ని భాషలకూ ఒకటే, అక్షరం మాత్రం మారుతుంది. దీనివల్ల పుట నిర్మాణంలో ఒక విభజన స్థిరపడింది. బొమ్మ ‘భారతీయం’, అక్షరం ‘ప్రాంతీయం’. బొమ్మలోని రాజు, రైతు, ఋషి, రాక్షసుడు ఏ భాషవారికైనా తమవారిలా కనిపించాలి. అందుకు చిత్రకారుడు ఏదో ఒక ఊరి ఇంటిని, ఒక తాలూకా కట్టును కచ్చితంగా చిత్రించడం మాని అందరికీ చెల్లే పౌరాణిక గతాన్ని నిర్మించాలి. పిల్లల తరాలకు ‘మన పాతకాలం’ అన్న భావనకు రూపమిచ్చినది ఈ నిర్మాణమే. దాని అందాన్ని కాదనలేం. అయితే ఆ అందంలో డెల్టా కూలివాడ, మాలపల్లె ఎంతవరకు ప్రవేశించాయన్న ప్రశ్న విమర్శకుడు అడగవలసినదే.

కాకుమానుకు పొరుగున పొన్నూరు మండలంలోని బ్రాహ్మణకోడూరులో పుట్టిన మాధవపెద్ది గోఖలే ఇందుకు పోల్చి చూడదగిన వ్యక్తి. ఆయన కథా రచయిత, చిత్రకారుడు, వామపక్ష భావాలు కలవాడు. ‘మాయాబజార్’ (1957)కు కళాదర్శకులలో ఒకరు. పౌరాణిక వైభవాన్ని తెర మీద నిర్మించిన చేయి పల్లె మనుషుల కథలనూ రాసింది. రచన ఒక శాఖ, చిత్రణ మరొక శాఖ అని విడగొట్టిన మన పాఠ్యప్రణాళిక ఇటువంటివారిని సగమే చూస్తుంది. కథా చరిత్రలో ఒక పేరాగా, సినిమా చరిత్రలో మరొక పేరాగా మిగిలిపోతారు.

పుస్తకం అట్ట మీది అక్షరానికి వస్తే బాపు (1933-2014) చేతిరాత ఒక మలుపు. అచ్చుపోత అక్షరానికి ఉండే సమానమైన మందం, కొలతలకు లొంగిన వంపు ఆయన రాతలో ఉండవు. కలం వేగం, విరుపు కంటికి తెలుస్తాయి. పుస్తకాల అట్టల నుంచి సినిమా పేర్లకు, అక్కడి నుంచి పెళ్ళిపత్రికలకు ఆ రాత వ్యాపించింది. తరువాత కంప్యూటర్ ఖతిగానూ మారింది. ఒక వ్యక్తి చేతిరాత ‘తెలుగుదనం’ అనే సామూహిక భావానికి గుర్తుగా మారడం అసాధారణమైన విషయం. అదే సమయంలో ఆ తెలుగుదనం ఏ ఇంటి వసారాలోది అన్న ప్రశ్న కూడా తలెత్తుతుంది. చంద్ర (1946-2021), మోహన్ వంటి చిత్రకారులు అట్టల మీద, పోస్టర్ల మీద అదే కాలంలో వేరొక అక్షరాన్ని, వేరొక ముఖాన్ని చూపారు. ఉద్యమ సాహిత్యం వారి గీతలతో పాఠకుడిని చేరింది. ఈ రెండు ధోరణులనూ పక్కపక్కన పెట్టి చదివితే అక్షర రూపంలో వర్గస్వభావం స్పష్టమవుతుంది.

సంజీవదేవ్ (1914-1999) తుమ్మపూడిలో ఉంటూ రేఖ, వర్ణం, రూపం గురించి తెలుగులో ఆలోచించే భాషను తయారుచేశారు. చిత్రకళకు ఆయన ఇచ్చిన ఆ పరిభాషను అక్షరానికి అన్వయించడం తరువాతివారు చేయవలసిన పని.

గోడ, సమాధి, నీలిరంగు

దృశ్య సంస్కృతిని పుస్తకానికే పరిమితం చేస్తే ఈ ప్రాంత చరిత్రలో ఒక ప్రధాన ఘట్టం జారిపోతుంది. 1985 జులై 17న కారంచేడులో జరిగిన హత్యాకాండ తరువాత అదే ఏడాది చీరాల కేంద్రంగా దళిత మహాసభ ఏర్పడింది. 1991 ఆగస్టు 6న తెనాలికి సమీపంలోని చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. చనిపోయినవారిని ఊరి నడుమ సమాధి చేసి ఆ స్థలానికి ‘రక్తక్షేత్రం’ అని పేరు పెట్టుకున్నారు. శ్మశానాన్ని ఊరి వెలుపల ఉంచే దృశ్యక్రమాన్ని ఆ చర్య తిరగవేసింది. అందరూ నడిచే చోట, అందరి కంటా పడేటట్లు నిలిచిన ఆ సమాధులు ఒక ప్రకటన.

తరువాతి దశాబ్దాలలో అంబేద్కర్ విగ్రహం, నీలిరంగు, గోడరాత డెల్టా ఊళ్ళ దృశ్యాన్ని మార్చాయి. ఏ కూడలిలో ఎవరి విగ్రహం, ఏ గోడ మీద ఏ రంగు అన్నది ఇక్కడ అలంకార విషయం కాదు, హక్కు విషయం. తెలుగు దళిత సాహిత్యాన్ని ఈ దృశ్య పరిణామంతో కలిపి చదివినప్పుడే దాని సందర్భం పూర్తిగా బోధపడుతుంది. రెండు వేల ఏళ్ళకు పూర్వం భట్టిప్రోలు దాతలు తమ పేర్లను స్తూపగర్భంలో దాచి నిలుపుకున్నారు. చుండూరు ప్రజలు తమవారి జ్ఞాపకాన్ని ఊరి నడుమ చాటి నిలుపుకున్నారు. మతం, కాలం, సందర్భం వేరు. అయినా గుర్తు ఎక్కడ నిలవాలో నిర్ణయించుకొనే అధికారమే రెండుచోట్లా ప్రధానం.

ఖతులు, యూనికోడ్: కొత్త అచ్చుకేసు

యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వెలువడినప్పుడే తెలుగుకు అందులో స్థానం దక్కింది. అయినా చాలాకాలం తెలుగు అచ్చు పని డీటీపీ ఖతుల మీదనే నడిచింది. వాటిలో అక్షరం కాక అక్షరపు ముక్కలు నమోదవుతాయి. ఖతి మారితే పాఠం అర్థంలేని గుర్తుల గుంపు అవుతుంది. రెండు మూడు దశాబ్దాల తెలుగు రచన ఈ విధంగా ఏ వెతుకులాటకూ దొరకని ఫైళ్ళలో ఉండిపోయింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు యూనికోడ్ వైపు వేసిన తొలి అడుగులలో ముఖ్యమైనవి. 2011, 2012లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి ఉచిత యూనికోడ్ ఖతులను విడుదల చేశాయి. వాటిలో చాలావరకు నేడు గూగుల్ ఫాంట్స్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి.

ఈ ఖతుల పేర్లు ఆసక్తికరమైనవి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, సూరన, రామభద్ర, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ అన్న పేర్లు కంప్యూటర్ తెర మీద భువనవిజయాన్ని తిరిగి నిలబెడతాయి. గిడుగు, గురజాడ, సురవరం ఆధునికతకు ప్రతినిధులు. ఎన్.టి.ఆర్. పేరుతోనూ ఖతి ఉంది. ఖతికి పేరు పెట్టడం ఒక స్మారకాన్ని నిర్మించడమే. ఆ స్మారకంలో రాయల కొలువు దాదాపు పూర్తిగా ఉంది. మొల్ల, జాషువా కనిపించరు. ఇది ఎవరో పనిగట్టుకొని చేసిన విస్మరణ కాకపోవచ్చు. సాహిత్య చరిత్ర ఏ క్రమంలో బోధిస్తున్నామో ఆ క్రమమే ఖతుల జాబితాగా తిరిగి వచ్చింది. ఆ రీతిలో చూస్తే లోపం ఖతికర్తలది కాదు, బోధనాక్రమానిది.

యూనికోడ్‌లో మరొక పరిణామం తెలుగు శాఖలకు నేరుగా సంబంధించినది. 2008లో దంత్య చ, జలకు (ౘ, ౙ), తెలుగు భిన్నసంఖ్యల గుర్తులకు, తూము అనే కొలమానపు గుర్తుకు యూనికోడ్‌లో చోటు దొరికింది. 2021లో నకారపొల్లు చేరింది. అచ్చుకేసు ఆదా కోసం వదులుకున్న గుర్తు కంప్యూటర్ కాలంలో తిరిగి వచ్చిందన్నమాట. ఒక గుర్తును యూనికోడ్‌లో చేర్చాలంటే అది నిజంగా వాడుకలో ఉండేదని పాత ముద్రణల నుంచో, లిఖిత ప్రతుల నుంచో సాక్ష్యం చూపాలి. ఆ సాక్ష్యాన్ని చదివే విద్య లిపిశాస్త్రం, తాళపత్ర పరిశోధన, గ్రంథ పరిష్కరణ. ఇవి మూడూ తెలుగు శాఖల సొత్తు. వీటిని కాలం చెల్లిన విద్యలుగా భావించి పాఠ్యప్రణాళిక నుంచి తప్పిస్తున్న దశలోనే వాటికి సాంకేతిక రంగంలో నిర్ణాయక విలువ ఏర్పడింది. ఆ పనిలో భాషాశాస్త్రజ్ఞులు, పరిష్కర్తలు పాల్గొనకపోతే నిర్ణయం ఆగదు. బ్రౌన్ నాటి ఫౌండ్రీలాగే మరెవరో తమ సౌకర్యాన్ని బట్టి చేస్తారు.

రూపకల్పనలో పాత సమస్యలూ పూర్తిగా తీరలేదు. వత్తులకు కావలసిన దిగువ ఎడం రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకొని చేసిన తెరల మీద తక్కువ పడుతుంది. వత్తులు నలిగిపోతాయి, కొన్నిచోట్ల తెగిపోతాయి. ‘స్త్ర’ వంటి సంయుక్తం చిన్న తెర మీద మచ్చలా కనబడుతుంది. ఇంగ్లీషు మాటలను తెలుగులో రాసేటప్పుడు పొల్లు నిలవవలసిన చోట వత్తు పడిపోవడం నిత్యానుభవం. ఈ ఇబ్బందులకు అలవాటుపడి, రాసేవారు మాటనే మార్చుకుంటున్నారు లేదా తెలుగు మాటను రోమన్ లిపిలో రాస్తున్నారు. సీసపు కేసు వలపలగిలకను తొలగించిన తీరుకూ దీనికీ పోలిక స్పష్టం.

ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలే విషయం ఒకటి. తెలుగు అక్షర రూపం ప్రతి దశలోనూ నిర్ణయాల ఫలితమే అయినా, ఆ నిర్ణయాలు ప్రకటించినవి కాకపోవడం వల్ల విమర్శకు అందలేదు. భట్టిప్రోలులో రెండు పద్ధతులలో ఒకదానిని ఎంచుకున్నారు. తాటాకు పుటను విడగొట్టి అచ్చు పద్యానికి ఆకారమిచ్చింది. సీసపు కేసు కొన్ని గుర్తులను తొలగించింది. చందమామ బొమ్మను జాతీయం చేసి అక్షరాన్ని ప్రాంతీయంగా ఉంచింది. ఖతుల జాబితా సాహిత్య చరిత్రలోని ఎంపికలనే మళ్ళీ ముద్ర వేసింది.

దీనిని సరిదిద్దడానికి మొదటి మెట్టు నమోదు చేయడం. గ్రంథ పరిష్కర్తలు పాఠాంతరాలతోపాటు ప్రతిలోని గుర్తులను, పంక్తి విభజనను పీఠికలో తెలపాలి. పుస్తక సమీక్షలో ముఖచిత్రకారుని పేరు, అక్షర శైలి ప్రస్తావనకు రావాలి. గ్రంథాలయ సూచికలు అట్టలను తీసివేసి బైండు చేసే అలవాటు మానాలి. అట్ట పోయిన పుస్తకం నుంచి సగం చరిత్ర పోయినట్లే. యూనికోడ్ ప్రతిపాదనలకు అవసరమయ్యే సాక్ష్యాలను శాఖలే క్రమబద్ధంగా సేకరించాలి.

భట్టిప్రోలు స్తూపపు రాళ్ళను తూముకు తరలించినవారికి అవి రాళ్ళుగానే కనిపించాయి. వాటి మీద చదవదగినది ఉందని వారికి తోచలేదు. పుటను కేవలం పాఠానికి ఆధారంగా చూసే విమర్శ చేస్తున్నదీ అటువంటి పనే.